కుక్క నెత్తురు చెప్పే సాక్ష్యం

పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు పాతికేళ్ల కిందట మన దేశంలోని రకరకాల జంతువుల నెత్తురు సేకరించి ఒకే ఒక్క సంగతి వెతికారు. మనుషులకు పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఇ వైరస్ వీటికెప్పుడైనా తగిలిందా? మేకల్లో ఒక్కదానికీ తగిలిన జాడ లేదు. పశువుల్లో నూటికి ఐదారింటిలో కనిపించింది. పందుల్లో సగానికి పైగా. కుక్కల్లో నూటికి దాదాపు ఇరవై మూడు. ఈ లెక్కలు 2001లో అచ్చయ్యాయి.

పంది సంగతి అప్పటికే వైద్యలోకానికి తెలుసు. ఆలోచనలో పడేసింది కుక్క. పంది ఊరి చివర తిరుగుతుంది, కుక్క మన గుమ్మంలో పడుకుంటుంది. పిల్లల చేతిలోని బిస్కెట్టు అందుకుని తింటుంది, వాళ్ల మొహం నాకుతుంది. అలాంటి జంతువు ఒంట్లో కామెర్ల వైరస్ ఆనవాలు ఉందంటే ఎవరికైనా గుండె జల్లుమంటుంది. ఆ అంకెను పట్టుకుని వీధికుక్కల మీదికి వెళ్లడం తేలిక. కానీ ఈ వైరస్ చరిత్ర మొత్తం వరసగా చదువుకుంటూ వస్తే కుక్క మనకు నిందితుల వరుసలో కనిపించదు, సాక్షుల బోనులో కనిపిస్తుంది. మనం ఏం పారేస్తున్నామో, ఏ కాలువలోకి ఏం వదులుతున్నామో దాని నెత్తురు చెబుతోంది.

96 గుంటల పలక

పరీక్ష ఎలా చేస్తారో దగ్గరగా చూస్తే ఈ మాట బోధపడుతుంది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక ఉంటుంది. అందులో 96 చిన్న గుంటలు. ప్రతి గుంట అడుగునా వైరస్ పైతొడుగుకు చెందిన ప్రొటీన్‌ను ముందే అంటించి ఉంచుతారు. కుక్క ముంగాలి సిరలోంచి తీసిన నెత్తురు గడ్డకట్టాక పైన తేరే పలచటి సీరంను నీళ్లలాంటి ద్రావణంలో కలిపి ఆ గుంటల్లో వేస్తారు. ఆ వైరస్‌ను ఎప్పుడైనా ఎదుర్కొన్న ఒళ్లయితే దాని కోసమే తయారైన యాంటీబాడీలు సీరంలో ఉంటాయి. అవి అడుగున ఉన్న ప్రొటీన్‌ను పట్టుకుంటాయి, కడిగినా వదలవు. ఆ పైన రంగు పుట్టించే ఎంజైమ్ వేస్తే గుంట నీలంగా మారుతుంది. చుక్క ఆమ్లం పడగానే ఆ నీలం పసుపు అవుతుంది. యంత్రం ఆ పసుపు చిక్కదనాన్ని కొలుస్తుంది.

ఎంత చిక్కగా ఉంటే ‘ఉంది’ అనాలో, ఎంత పలచగా ఉంటే ‘లేదు’ అనాలో గీత గీసేది మాత్రం మనుషులే. మనిషి కోసం తయారైన కిట్టును కుక్క మీద వాడితే ఆ గీత ఎక్కడ ఉండాలన్నది మరీ చిక్కు. అందుకే దేశదేశాల లెక్కలు ఒకదానితో ఒకటి పొసగవు. బ్రెజిల్‌లో ఒక పరిశోధనలో కుక్కల్లో నూటికి ఏడు వచ్చింది. చైనాలో పెంపుడు కుక్కల మీద చేసిన ఒక పెద్ద సర్వేలో ఇరవై ఒకటి వచ్చింది. బ్రిటన్‌లో 2015లో కాలేయ జబ్బు ఉన్న కుక్కలనూ లేని కుక్కలనూ కలిపి చూస్తే చాలా కొద్దిగా తేలింది. ఆ కుక్కలకు తగిలిన వైరస్ ఏ రకమో ఆ పరిశోధకులు తేల్చలేకపోయారు.

ఈ పరీక్ష చెప్పలేని సంగతులే ఎక్కువ. వైరస్ ఎప్పుడు తగిలిందో చెప్పదు. తగిలిన వైరస్ కుక్క ఒంట్లో పెరిగిందా, లేక కడుపులోంచి అలా వెళ్లిపోతూ కాస్త అలజడి రేపి పోయిందా చెప్పదు. కుక్క దాన్ని ఇంకొకరికి అంటించగలదా అన్నది అసలే చెప్పదు. ఆ సంగతి తేలాలంటే మలంలోనో కాలేయంలోనో వైరస్ జన్యుపదార్థం దొరకాలి. కుక్కల్లో అలా దొరకడం చాలా అరుదు. కుక్క నుంచి మనిషికి హెపటైటిస్ ఇ సోకిందని రుజువైన కేసు ఇప్పటిదాకా వైద్యగ్రంథాల్లో లేదు.

ఒక అనుమానం మాత్రం మిగిలింది. అమెరికాలో 1988-94 మధ్య జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో సేకరించిన నెత్తురును తర్వాత పరీక్షిస్తే, ఇంట్లో పెంపుడు జంతువు ఉన్నవాళ్లలో ఈ యాంటీబాడీలు కాస్త ఎక్కువగా కనిపించాయి. నెలకోసారి కంటే ఎక్కువగా కాలేయం లాంటి లోపలి మాంసం తినేవాళ్లలోనూ అంతే. ఇంట్లో జంతువు ఉండటానికీ వైరస్ తగలడానికీ లంకె కనబడినంత మాత్రాన ఆ జంతువే తెచ్చిందని కాదు. ఇద్దరూ ఒకే వంటింట్లోంచి తింటున్నారని కూడా కావచ్చు. చైనా సర్వేలో వంటింటి మిగులు తిని బతికే కుక్కల్లో జాడలు ఎక్కువగా దొరకడం ఈ ఆలోచనకు బలమిస్తోంది.

మింగి కనిపెట్టిన వైరస్

ఈ వైరస్‌తో మన దేశానికున్న బంధం పాతది, బాధాకరమైనది. 1955 డిసెంబరులో ఢిల్లీలో కామెర్లు మొదలయ్యాయి. యమున వరద తీసి, పాయ వజీరాబాద్ పంపింగ్ స్టేషన్‌కు దూరంగా జరిగింది. నజఫ్‌గఢ్ కాలువ మురుగు వెనక్కి తన్ని తాగునీళ్లు తోడే చోటికి చేరింది. కొద్ది వారాల్లోనే 29 వేల మందికి పైగా కళ్లు పచ్చబడ్డాయి. హెపటైటిస్ ఎ అయి ఉంటుందని అప్పుడు అనుకున్నారు. దాచి ఉంచిన ఆనాటి సీరం నమూనాలను పాతికేళ్ల తర్వాత పరీక్షిస్తే అది ఎ కాదని తేలింది.

1978 చలికాలంలో కశ్మీర్ లోయలో మళ్లీ అదే. అక్కడి యువ వైద్యుడు మహమ్మద్ సుల్తాన్ ఖురూ ఊరూరా తిరిగి రోగులను లెక్కపెట్టారు. సుమారు 52 వేల మందికి కామెర్లు వచ్చాయి, 1,700 మంది దాకా చనిపోయారు. ఆయన్ను కలచివేసినది ఆ మరణాల తీరు. గర్భిణులు, అందులోనూ నెలలు నిండుతున్నవాళ్లు, ఎక్కువగా పోతున్నారు. ఇది ఎ కాదు, బి కాదు, ఇంకేదో కొత్త వైరస్ అని ఆయన 1980లో ప్రకటించారు.

ఆ ‘ఇంకేదో’ను కళ్లతో చూసినవాడు మిఖాయిల్ బాలయాన్ అనే సోవియట్ శాస్త్రవేత్త. అఫ్గానిస్థాన్‌లోని సోవియట్ సైనికుల్లో కామెర్లు చెలరేగితే నమూనాల కోసం వెళ్లాడు. వాటిని చెడిపోకుండా మాస్కో దాకా చేర్చే ఏర్పాటు సరిగా లేదు. తనకు హెపటైటిస్ ఎ అప్పటికే వచ్చి తగ్గింది కాబట్టి అది మళ్లీ రాదని ఆయనకు తెలుసు. తొమ్మిది మంది రోగుల మలం నుంచి తీసిన సారాన్ని పెరుగులో కలుపుకుని మింగేశాడు. ముప్ఫై ఆరో రోజున ఒళ్లు పచ్చబడింది. తన మలాన్నే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే 27 నుంచి 30 నానోమీటర్ల గుండ్రటి వైరస్ కణాలు కనిపించాయి. 1983లో ఆ సంగతి అచ్చువేశాడు. ఈనాటి శాస్త్రీయ పట్టికలో ఈ వైరస్ జాతి పేరు పాస్లాహెపెవైరస్ బాలయాని. ఆయన పేరే దానికి పెట్టారు.

ఇదంతా మనుషుల కథ, నీళ్ల కథ. జంతువుల కథ 1997లో మొదలైంది. అమెరికాలో షియాంగ్ జిన్ మెంగ్ అనే పరిశోధకుడు తన బృందంతో కలిసి పందుల్లో ఈ వైరస్‌కు దగ్గరి చుట్టాన్ని కనిపెట్టాడు. రెండు మూడు నెలల వయసులో పందిపిల్లలకు సోకుతుంది. అవి శుభ్రంగా తింటాయి, ఆడుకుంటాయి, జబ్బు లక్షణం ఏదీ కనబడదు. మలంలో మాత్రం వారాల తరబడి వైరస్ పోతూనే ఉంటుంది. పందులకు వైద్యం చేసే పశువైద్యుల నెత్తురును తర్వాత పరీక్షిస్తే, మామూలు రక్తదాతలతో పోల్చినప్పుడు వాళ్లలో యాంటీబాడీలు ఒకటిన్నర రెట్లు ఉన్నాయి.

మాంసం ద్వారా సోకుతుందని తిరుగులేకుండా తేలింది జపాన్‌లో. హ్యోగో ప్రాంతంలో ఒక కుటుంబం, వాళ్ల మిత్రులు కలిసి వేటాడి తెచ్చిన జింక మాంసాన్ని పల్చటి ముక్కలుగా కోసి పచ్చిగానే తిన్నారు. కొన్ని వారాల తర్వాత వాళ్లలో నలుగురికి హెపటైటిస్ ఇ వచ్చింది. అదే కుటుంబంలో ఆ మాంసం ముట్టనివాళ్లకు, ఏదో రుచి చూసి ఊరుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. అదృష్టం కొద్దీ మిగిలిన మాంసం ఇంట్లోనే గడ్డకట్టించి దాచి ఉంది. అందులోని వైరస్ జన్యువరసను రోగుల వైరస్‌తో సరిచూస్తే అచ్చంగా కలిసింది. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఈ ఒక్క నివేదికతో అప్పటిదాకా సాగిన వాదనలు సద్దుమణిగాయి. ఆ ఏడే హొక్కైడోలో అంగళ్లలో అమ్మే పంది కాలేయం పొట్లాలు కొని చూస్తే నూటికి రెండింటిలో వైరస్ ఉంది. పచ్చి పందిమాంసం వడ్డించడాన్ని జపాన్ ప్రభుత్వం 2015లో నిషేధించింది.

పంది తర్వాత ఈ వైరస్ చుట్టాల పట్టిక పెరుగుతూనే ఉంది. కోళ్లలో కాలేయం, ప్లీహం వాచే జబ్బుకు కారణమైన రకం, చైనాలో కుందేళ్ల రకం, దుబాయిలో ఒంటెల రకం. గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లు ఒంటెల సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఒంటె మాంసం, పాలు క్రమం తప్పకుండా తీసుకునే, కాలేయ మార్పిడి చేయించుకున్న ఒక వ్యక్తికి ఆ రకం సోకినట్టు 2016లో తేలింది. ఆ పాలు కాచకుండా తాగడం మంచిది కాదు.

వీటన్నిటిలోకీ నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఎలుక. 2018లో హాంకాంగ్‌లో కాలేయ మార్పిడి చేయించుకున్న 56 ఏళ్ల మనిషికి ఎలుకల రకం హెపటైటిస్ ఇ సోకిందని అక్కడి విశ్వవిద్యాలయం ప్రకటించింది. ఎలుకల రకం మనిషికి రాదని అప్పటిదాకా అనుకునేవారు. అతను ఉండే చోట చెత్తకుండీల దగ్గర ఎలుకల పెంటికలు దొరికాయి. ఆ తర్వాత అక్కడ ఇంకా కేసులు బయటపడ్డాయి. చెత్త పేరుకున్న చోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్న చోట దాన్ని వేటాడి తినే కుక్క, పిల్లి ఉంటాయి. మన ఊళ్లలో ఏ మార్కెట్ వెనక్కి వెళ్లి చూసినా ఈ మూడూ ఒక్కచోటే కనబడతాయి.

మన పందులు వేరు, మన కామెర్లు వేరు

ఇక్కడ మన దేశం గురించి ఒక సంగతి నిదానంగా చెప్పుకోవాలి. మనుషులకు సోకే హెపటైటిస్ ఇలో ఒకటో, రెండో రకాలు మనుషుల్లోనే ఉంటాయి. మూడో, నాలుగో రకాలు పందుల నుంచి, అడవి జంతువుల నుంచి మనుషులకు వస్తాయి. ఐరోపాలో, జపాన్‌లో ఈ జంతువుల రకాలే ఎక్కువ. పుణె శాస్త్రవేత్తలు పశ్చిమ భారతంలోని పందుల్లో వైరస్‌ను పట్టి చూస్తే నాలుగో రకం తేలింది. ఆ ప్రాంతంలోనే కామెర్లతో ఆసుపత్రికి వచ్చిన మనుషుల్లో ఉన్నది ఒకటో రకం. అంటే మన దగ్గర పంది వైరస్ పందుల్లో తిరుగుతోంది, మనిషి వైరస్ మనుషుల మధ్య తిరుగుతోంది. మనిషి మలం నుంచి నీళ్లలోకి, ఆ నీళ్ల నుంచి మళ్లీ మనిషి నోట్లోకి.

మరి మన కుక్కల్లో ఉన్న ఆనవాలు ఏ రకానిది? యాంటీబాడీ పరీక్ష అది చెప్పలేదు, ఎందుకంటే ఈ నాలుగు రకాల పైతొడుగులూ ఒకదానికొకటి పోలి ఉంటాయి. కుక్క ఏం తింటుందో చూస్తే మాత్రం దారులు కనబడతాయి. పంది కోసిన చోట పారేసిన పేగులు తింటుంది. ఎలుకలను తింటుంది. మురుగుకాలువలో నీళ్లు తాగుతుంది. ఎండాకాలం అందులోనే పడుకుంటుంది. పైకి చెప్పుకోవడానికి మొహమాటపడే ఇంకో సంగతి, మనుషులు ఆరుబయట విసర్జించినది కూడా అది తింటుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు కోటి 53 లక్షలు. వాటన్నిటికీ అన్నం పెడుతున్నది మన చెత్తే.

హైదరాబాద్‌లో 2005లో ఏం జరిగిందో పాతబస్తీ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1,600 మందికి పైగా కామెర్ల బారిన పడ్డారు. పరిశోధకులు మ్యాపు పరచి ఏ పైపులైను ఎక్కడెక్కడి నుంచి వెళుతోందో, ఏ బస్తీలో ఎంతమంది పడ్డారో సరిపోల్చి చూశారు. మురుగుకాలువలను దాటుకుంటూ వెళ్లే పైపుల నీళ్లు తాగిన ఇళ్లలో జబ్బు మిగతా ఇళ్లకంటే కొన్ని రెట్లు ఎక్కువ.

ఆ పైపు లోపల జరిగేది ఊహించడం కష్టం కాదు. నీళ్లు వదిలినంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది. చిల్లి ఉంటే నీళ్లు బయటికి పోతాయే తప్ప లోపలికి ఏదీ రాదు. సరఫరా ఆపగానే పైపు ఖాళీ అవుతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది. తుప్పుపట్టిన కీలు దగ్గర నిలిచిన మురుగు అప్పుడు లోపలికి ఊరుతుంది. పైగా మోటారు పెట్టి లాగే ఇళ్లుంటే ఆ మురుగును పైపులోకి పీల్చినట్టే. మర్నాడు నల్లా తిప్పగానే మొదట వచ్చేవి ఆ నీళ్లే. అందుకే రోజూ ఓ గంటో, రోజు విడిచి రోజో నీళ్లు వచ్చే ఊళ్లలో ఈ జబ్బు మళ్లీ మళ్లీ తలెత్తుతుంది. ఒక బస్తీలో వరసగా నాలుగిళ్లలో కామెర్లు వస్తే వెంటనే తవ్వి చూడాల్సింది ఆ వీధి పైపును.

పశువుల ఆసుపత్రుల్లో తరచూ వినబడే ప్రశ్న ఒకటుంది. పచ్చబడ్డ కళ్లతో నీరసంగా ఉన్న కుక్కను బల్ల మీద పడుకోబెట్టి, “డాక్టర్ గారూ, దీనికి కామెర్లంట. ఇంట్లో చంటిదుంది. దానికి అంటుకుంటుందాండీ?” అని అడుగుతారు. కుక్కకు కామెర్లు రావడానికి మన దగ్గర ముఖ్య కారణాలు వేరే ఉన్నాయి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు ఒకటి. కుక్కలకే వచ్చే కాలేయపు వైరస్ ఇంకొకటి, ఇది మనుషులకు రాదు. మూడోది లెప్టోస్పైరోసిస్, ఎలుకల మూత్రం నుంచి కుక్కలకు వస్తుంది. ఇది మాత్రం కుక్క మూత్రం ద్వారా మనుషులకు అంటుకుంటుంది. కాబట్టి ఆ తల్లి భయం అర్థం లేనిది కాదు, భయపడాల్సిన జబ్బు పేరు వేరు, అంతే. కుక్కకు ఏటా వేయించే టీకాల్లో ఆ కాలేయపు వైరస్‌కూ లెప్టోకూ రక్షణ ఉందో లేదో డాక్టర్‌ను అడగాలి. చేతికి గ్లౌజులు వేసుకుని మూత్రం శుభ్రం చేయాలి. హెపటైటిస్ ఇ వల్ల కుక్కకు జబ్బు చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

ఈ మధ్య నగరాల్లో కుక్కలకు పచ్చి మాంసం పెట్టే అలవాటు పెరిగింది. ఆరోగ్యమని పెంపకందారులు ఒకరికొకరు చెప్పుకుంటారు. అందులో పంది కాలేయం ఉంటే మాత్రం మానుకోవాలి, లేదా బాగా ఉడికించి పెట్టాలి. ఈ వైరస్ మొండిది. లోపలి ముక్క 71 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలు ఉంటేనే పూర్తిగా చస్తుందని ఫ్రాన్స్‌లో చేసిన పరీక్షలు చెప్పాయి. మన కూరలు గంటసేపు మరుగుతాయి కాబట్టి మన పళ్లెంలో ప్రమాదం తక్కువ. పచ్చి మాంసం కోసిన కత్తిపీట, అదే చేత్తో ముట్టుకున్న ఉప్పుడబ్బా, కుక్క గిన్నె, వీటి దగ్గరే జాగ్రత్త కావాలి. పందులు పెంచేవాళ్లు, కోసేవాళ్లు, పేడ ఎత్తేవాళ్లు రోజూ ఈ వైరస్‌కు ఎదురుగా నిలబడతారు. వాళ్లకు సబ్బు, బూట్లు, గ్లౌజులు అందేలా చూడటం మున్సిపాలిటీల పని. వాళ్లనూ వాళ్ల జంతువులనూ ఊరవతలికి తరిమితే వైరస్ పోదు.

నా మటుకు నాకు కనిపించే లోటు ఇంకొకటి ఉంది. కామెర్లు చెలరేగినప్పుడు ఆరోగ్యశాఖ మనుషుల నెత్తురు తీస్తుంది, జలమండలి నీళ్ల సీసాలు నింపుకుని వెళుతుంది. ఆ వీధి కుక్కలను, ఎలుకలను, పందులను చూసేవాళ్లు ఉండరు. జనన నియంత్రణ ఆపరేషన్ల కోసం వీధికుక్కలను పట్టుకొచ్చి మత్తిచ్చే కేంద్రాలు చాలా నగరాల్లో ఉన్నాయి. అక్కడ మత్తులో ఉన్న కుక్క నుంచి రెండు మిల్లీలీటర్ల నెత్తురు తీసుకోవడం పెద్ద పని కాదు. ఏ వార్డు కుక్కల్లో ఈ ఆనవాళ్లు పెరుగుతున్నాయో ఏటా చూసుకుంటే, ఏ వార్డులో మురుగూ చెత్తా అదుపు తప్పుతున్నాయో రోగులు ఆసుపత్రికి రాకముందే ఒక అంచనా దొరకవచ్చు. పశువైద్య కళాశాలలు, వైద్య కళాశాలలు కలిసి చేయగలిగిన పని ఇది. తిరుపతిలో రెండూ ఉన్నాయి, హైదరాబాద్‌లో రెండూ ఉన్నాయి.

ఇక ఇళ్లలో. వైరస్ ఒంట్లోకి వెళ్లాక రెండు నుంచి పది వారాల తర్వాత గానీ కామెర్లు బయటపడవు. అప్పటికి ఏ నీళ్లు తాగామో ఎవరికీ గుర్తుండదు. చాలామందికి నాలుగైదు వారాల్లో అదే తగ్గిపోతుంది. పసరు వేసేవాళ్లకు పేరొచ్చేది ఇందుకే, తగ్గేది ఎలాగూ తగ్గుతుంది. గర్భిణి విషయంలో ఈ లెక్క పనికిరాదు. చివరి నెలల్లో ఈ వైరస్ సోకితే నూటికి ఇరవై నుంచి ఇరవై ఐదు మంది దాకా ప్రాణాలు కోల్పోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కడుపుతో ఉన్న ఆడపిల్లకు కళ్లు పచ్చబడితే, మూత్రం ముదురు రంగులో వస్తే, పసరు దగ్గరికి కాదు, ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. బస్తీలో కామెర్లు వినబడుతున్న రోజుల్లో ఆమెకు కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వాలి. బయటి చెరుకురసం, పానీపూరీ నీళ్లు, ఐసు ముక్కలు ముట్టనివ్వకూడదు.

దీనికి టీకా ఉంది. చైనాలో 2011లో అనుమతి పొందింది. దక్షిణ సూడాన్‌లోని బెంటియు శిబిరంలో 2022లో హెపటైటిస్ ఇ చెలరేగినప్పుడు అక్కడి ఆరోగ్యశాఖ, సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ కలిసి దాన్ని వేశాయి. ఒక వ్యాప్తిని ఆపడానికి ఆ టీకాను వాడటం ప్రపంచంలో అదే మొదటిసారి. అక్కడ గర్భిణులకు కూడా ఇచ్చారు. డెబ్బై ఏళ్లుగా ఈ వైరస్ చేతిలో ఇంతమంది తల్లులను పోగొట్టుకున్న దేశం మనది. ఆ టీకా గురించి మన చట్టసభల్లో, మన ఆసుపత్రుల్లో గట్టిగా అడగాల్సినవాళ్లం మనమే.